ముక్క పరీక్షలో ‘స్పెషల్ స్టెయిన్’ ఎందుకు రాస్తారు? పరాన్నజీవిని పట్టించే రంగుల లెక్క

మా వీధి చివర పంక్చర్ షాపు పెట్టుకున్న తమ్ముడొకడు పోయిన నెల ఒక రిపోర్టు పట్టుకుని ఇంటికొచ్చాడు. మూడు నెలలుగా రక్త విరేచనాలు. పెద్దపేగులోకి గొట్టం వేసి చూసి, పుండ్లున్నాయని నాలుగు ముక్కలు తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు ఇంగ్లీషులో అర పేజీ. ఆఖరి వరుసను మాత్రం ఎవరో పెన్నుతో చుట్టి పెట్టారు: పి.ఎ.ఎస్., జెడ్.ఎన్. స్టెయిన్లతో మళ్ళీ చూడవలసి ఉంది.

“అన్నా, క్యాన్సరా? కాకుంటే మళ్ళీ పరీక్ష ఎందుకు రాస్తారు? ఊరికే దుడ్లు గుంజడానికా?”

“కాదప్పా, ముందు కూర్చో.”

పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. అందుకే తిరుపతిలో మా వీధివాళ్ళ రిపోర్టులన్నీ డాక్టరు కంటే ముందు నా దగ్గరికే వస్తాయి. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఆ వరుసకు అర్థం క్యాన్సర్ అని కాదు, మొదటి పరీక్ష తప్పయిందనీ కాదు. స్లైడు మీద ఏదో కనపడింది, అది రెండు మూడింటిలో ఏదైనా కావచ్చు, తేల్చడానికి ఇంకో రంగు కావాలి. స్టెయిన్ అంటే రంగే, పి.ఎ.ఎస్., జెడ్.ఎన్. అలాంటి రెండు రంగుల పేర్లు. అంతే. అయితే ఏ రంగు, ఎందుకు ఆ రంగే అన్నది తెలియాలంటే ముక్క ప్రయాణం మొదట్నుంచి చూడాలి.

రంగు వేయకపోతే కనపడేది ఏమీ లేదు

శరీరం నుంచి తీసిన ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేస్తారు. ముక్కకు పది రెట్లయినా ద్రవం ఉండాలి. లేకపోతే లోపలి భాగం కుళ్ళడం మొదలుపెడుతుంది. తర్వాత ఆల్కహాల్‌లో నీరు లాగేసి, జైలీన్‌లో ముంచి, కరిగిన మైనం ఎక్కిస్తారు. మైనం గట్టిపడితే అదే ‘బ్లాక్’. దాన్ని మైక్రోటోమ్ అనే యంత్రం మీద 3 నుంచి 5 మైక్రాన్ల మందాన తరుగుతారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. ఆ పొర గోరువెచ్చని నీళ్ళ మీద పాల మీగడలా తేలుతుంది, గాజు స్లైడుతో దాన్ని అందుకోవాలి. ఊపిరి గట్టిగా వదిలితే చెదిరిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారమంతా ఆ నీళ్ళ గిన్నె దగ్గరే ఏడుస్తారు.

అంత పలచని పొరకు రంగంటూ ఉండదు. మైక్రోస్కోప్ కింద పెడితే మసక గాజులా ఉంటుంది. స్టెయిన్ అంటే ఆ పొరలో కొన్ని పదార్థాలను పట్టుకుని, కొన్నింటిని వదిలేసే రంగు. ఏది పడుతుంది, ఏది వదులుతుంది అన్నదాని మీదే మిగతా కథంతా.

శ్రీకాళహస్తి కలంకారీకీ మా ల్యాబుకీ ఒకటే పటిక

ప్రపంచంలో ఏ ల్యాబుకెళ్ళినా ప్రతి ముక్కకూ మొదట వేసేది హెచ్ అండ్ ఈ. అంటే కేంద్రకాలను నీలంగా చూపే హెమటాక్సిలిన్, మిగతాదాన్ని గులాబీగా చూపే ఇయోసిన్. హెమటాక్సిలిన్‌ను మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి తీస్తారు. అది మన శేషాచలం ఎర్రచందనానికి దూరపు చుట్టం. రెండూ చిక్కుడు కుటుంబమే, రెండింటిలోనూ రంగు ఉండేది చేవలోనే.

ఆ సరుకును ఉన్నదున్నట్టు వేస్తే కణజాలానికి అంటదు. పటిక కలవాలి. శ్రీకాళహస్తిలో కలంకారీ పని చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్ళతో గీస్తారు. తర్వాత మంజిష్ఠలోనో చిరివేరులోనో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. నలుపు కావలసిన చోట ఇనుము, బెల్లం పులియబెట్టిన కసిం వాడతారు. మా పనీ అదే. హెమటాక్సిలిన్‌కు పటిక జోడైతే కేంద్రకాలు నీలంగా వస్తాయి. అదే హెమటాక్సిలిన్‌కు ఇనుము లవణం జోడైతే నల్లగా వస్తాయి. మలం స్లైడులో అమీబా కేంద్రకాన్ని కలంతో గీసినట్టు చూపించేది ఈ ఇనుప హెమటాక్సిలినే. రంగు ఒకటే, దాన్ని అంటించే ఉప్పు మారితే చూపే బొమ్మ మారుతుంది.

నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హెమటాక్సిలిన్ నుంచి తీసినప్పుడు స్లైడు ఎర్రటి ఊదాగా ఉంటుంది. కాస్త క్షారగుణం ఉన్న కుళాయి నీళ్ళ కింద పెడితే నీలంగా తిరుగుతుంది. సబ్బు నురగ రాదని ఇంట్లో తిట్టుకునే బోరు నీళ్ళు ఈ పనికి పనికొస్తాయి. అవే నీళ్ళు గీమ్సా అనే ఇంకో స్టెయిన్‌లో పడితే మాత్రం పని చెడుతుంది. దానికి పీహెచ్ కొలిచి కలిపిన బఫర్ కావాలి.

హెచ్ అండ్ ఈ ఒక్కటే చాలిన చోట్లు

ఎక్కువమంది అనుకునేదేమిటంటే, పరాన్నజీవి అనగానే ఏదో ప్రత్యేక రంగు కావాలని. పెద్ద పురుగులకు దాదాపు అక్కర్లేదు. బద్దెపురుగు పిల్ల కండరంలోనో మెదడులోనో తిత్తి కట్టుకుని ఉంటే, దాని గోడ, లోపలి తల, కొక్కేలు, సున్నపు రేణువులు హెచ్ అండ్ ఈలోనే కనపడతాయి. వాటికి ఆకారమే సాక్ష్యం.

హైడాటిడ్ తిత్తి కూడా అంతే, ఒక మెలికతో. కుక్క పేగులో ఉండే చిన్న బద్దెపురుగు గుడ్లు గొర్రెలకో మనిషికో చేరి, కాలేయంలో నీటి తిత్తిగా పెరిగే జబ్బు ఇది. మన దేశంలో ఇది ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో ఎక్కువని వైద్య పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. గొర్రెలు, కాపలా కుక్కలు ఒకే దొడ్లో ఉండే మన పల్లెలను చూసినవాళ్ళకు ఆశ్చర్యమేమీ కాదు. బతికున్న తిత్తి అయితే హెచ్ అండ్ ఈ చాలు. ఏళ్ళ తరబడి ఉండి చచ్చిన తిత్తి అయితే లోపల గంజిలాంటి ముద్ద తప్ప ఏమీ మిగలదు. చీము కాబోలు అనిపిస్తుంది. ఆ ముద్దలో ఎక్కడో చాప మడతల్లాంటి పొరల ముక్క ఒకటి ఉంటుంది. ఆ పొరల్లో కణాలుండవు, చక్కెర పదార్థం మాత్రం దండిగా ఉంటుంది. పి.ఎ.ఎస్. వేస్తే ఆ ముక్క ముదురు గులాబీ రంగులో ఎగిసి కనపడుతుంది. కొక్కేలు మిగిలి ఉంటే జెడ్.ఎన్. రంగును పట్టుకుంటాయి. అంటే ఒకే పురుగు, బతికున్నప్పుడు ఒక స్టెయిన్, చచ్చాక ఇంకోటి.

రంగు పడింది కదా అని పేరు పెడితే

ఇక్కడో జబ్బు చెప్పాలి. చెరువుల్లో, కుంటల్లో మునిగేవాళ్ళకు ముక్కులో కండ పెరుగుతుంది. ముట్టుకుంటే రక్తం. ఎర్రటి కండ మీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు. దక్షిణ భారతం, శ్రీలంకల్లో బాగా తెలిసిన ఈ జబ్బు పేరు రైనోస్పోరిడియోసిస్. ఆ ఒక్కో చుక్కా ఒక సంచి, కొన్ని వందల మైక్రాన్ల దాకా పెరుగుతుంది. లోపల వేలకొద్దీ పిల్ల బీజాలు. హెచ్ అండ్ ఈ స్లైడు చూసిన ఏ పాథాలజిస్టూ దీన్ని మరిచిపోడు.

దీని గోడ పి.ఎ.ఎస్.తో గులాబీగా, జి.ఎం.ఎస్. అనే వెండి స్టెయిన్‌తో నల్లగా వస్తుంది. ఈ రెండూ బూజులను, అంటే ఫంగస్‌ను, చూపించే పేరున్న రంగులు. అందుకే చాలాకాలం దీన్ని ఫంగస్ జాబితాలో ఉంచారు. 1990ల చివర్లో జన్యువులు చదివి చూస్తే ఇది బూజు కాదు, చేపలను పట్టే కొన్ని పరాన్నజీవుల చుట్టమని తేలింది. సరిగ్గా దీనికి ఎదురు కథ న్యుమోసిస్టిస్‌ది. ఊపిరితిత్తులను పట్టే ఆ జీవిని దశాబ్దాల పాటు ప్రోటోజోవా, అంటే అమీబా లాంటి ఏకకణ జీవి, అన్నారు. 1988లో జన్యు పరీక్షలు అది ఫంగస్ అని చెప్పాయి. దానికీ వెండి రంగే పడుతుంది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుంటే స్టెయిన్ గురించి అసలు సంగతి బోధపడుతుంది. రంగు జీవి పేరు చెప్పదు, కులగోత్రాలు చెప్పదు. గోడలో చక్కెర ఉందా, ఒంట్లో కొవ్వు మైనం ఉందా, కేంద్రకం ఎక్కడుంది, ఇంతవరకే చెబుతుంది. పేరు పెట్టేది ఆకారం, కొలత, ఉన్న చోటు, రోగి చరిత్ర అన్నీ కలిపి చూసే మనిషి.

ఒకేలా ఉండే రెండింటిని విడదీయడం

స్పెషల్ స్టెయిన్ నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. బీహార్ నుంచి పనికి వచ్చిన కుర్రాడు, వారాల తరబడి జ్వరం, ప్లీహం ఉబ్బింది. ఎముక మూలుగ ముక్క తీశారు. హెచ్ అండ్ ఈలో మ్యాక్రోఫేజ్ అనే పెద్ద కణాల నిండా చుక్కలు, ఒక్కోటి 2 నుంచి 4 మైక్రాన్లు. ఇవి కాలా అజార్ అనే జ్వరం తెచ్చే లీష్మేనియా పరాన్నజీవి కావచ్చు, హిస్టోప్లాస్మా అనే ఫంగస్ కావచ్చు. కొలత ఒకటే, కాపురం ఉండే కణమూ ఒకటే. మందులు మాత్రం వేర్వేరు.

ఇప్పుడు ప్రశ్న అడిగే తీరు చూడండి. ఫంగస్‌కు చక్కెర గోడ ఉంటుంది, లీష్మేనియాకు ఉండదు. కాబట్టి పి.ఎ.ఎస్., జి.ఎం.ఎస్. వేస్తారు. చుక్కల అంచులు రంగు పట్టాయా, హిస్టోప్లాస్మా వైపు మొగ్గు. పట్టలేదా, అప్పుడు గీమ్సా. లీష్మేనియాలో గుండ్రటి కేంద్రకం పక్కనే చిన్న పుల్లలాంటి ఇంకో చుక్క ఉంటుంది, దాని పేరు కైనెటోప్లాస్ట్. ఆ జంట చుక్క కనపడితే వాదన ముగిసినట్టే. ఒక స్టెయిన్ ‘కాదు’ అనడానికి, ఇంకోటి ‘అవును’ అనడానికి. రిపోర్టులో రెండు మూడు పేర్లు వరసగా రాసి ఉండటానికి కారణం సాధారణంగా ఇదే.

ఈ లీష్మేనియాకీ మన పొరుగుకీ సంబంధం ఉంది. 1903లో డాక్టర్ చార్లెస్ డోనోవన్ దీన్ని చూసింది మద్రాసు జనరల్ ఆస్పత్రిలోనే. లీష్మన్, డోనోవన్ ఇద్దరూ విడివిడిగా పట్టిన జీవికి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టింది రోనాల్డ్ రాస్. 1897లో సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా గుట్టు తేల్చిన రాస్ ఈయనే.

గీమ్సాకు ఒక బలహీనత ఉంది, అది రోగులకు ఎవరూ చెప్పరు. మైనంలో తరిగిన పొర మీద కంటే, తాజా ముక్కను స్లైడుకు అద్ది తీసిన ముద్ర మీద అది బాగా పనిచేస్తుంది. ఫార్మలిన్, మైనం దాటేసరికి జీవి కుంచించుకుపోయి ఆ పుల్ల కనపడకుండా పోవచ్చు. మన జిల్లాల్లో జెర్సీ, హెచ్.ఎఫ్. సంకర ఆవులున్న రైతులకు ఇది ఇంకోలా తెలుసు. థైలీరియా అనే పశువుల పరాన్నజీవి అనుమానం ఉంటే పశువైద్యులు ఉబ్బిన గ్రంథిలోకి సూది పెట్టి, వచ్చిన చుక్కను స్లైడు మీద పూసి గీమ్సా వేస్తారు. తెల్లకణాల లోపల నీలి ముద్దలు కనపడతాయి. అదే గ్రంథిని కోసి మైనంలో పెట్టి హెచ్ అండ్ ఈ వేస్తే ఆ ముద్దలు కంటికి ఆనకపోవచ్చు. రంగు ఎంపిక ల్యాబులో కాదు, సూది పట్టుకున్న చేతి దగ్గరే మొదలవుతుందన్న మాట.

మా తమ్ముడి పేగు ముక్క

మళ్ళీ పంక్చర్ షాపుకొద్దాం. పెద్దపేగులో పుండ్లంటే మన దగ్గర మూడు అనుమానాలు ఒకేసారి వస్తాయి: అమీబా, క్షయ, క్రోన్స్ లాంటి పేగువాపు జబ్బులు. ఈ తికమక ప్రమాదకరమైంది కూడా. పేగువాపుకు స్టెరాయిడ్లు ఇస్తారు. ఉన్నది అమీబా అయితే అవే స్టెరాయిడ్లు పేగును చిల్లులు పడేదాకా తీసుకెళ్ళగలవు. అందుకే పాథాలజిస్టు అనుమానం వచ్చిన చోట ఆగాడు.

హెచ్ అండ్ ఈలో అమీబా, మ్యాక్రోఫేజ్ అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండూ గుండ్రంగా, నురగలాంటి ఒళ్ళుతో. పి.ఎ.ఎస్. ఎలా పనిచేస్తుందంటే, పీరియాడిక్ ఆమ్లం చక్కెర గొలుసులను తెంచుతుంది, తెగిన కొసలను రంగులేని షిఫ్ ద్రవం పట్టుకుని ముదురు గులాబీగా మారుతుంది. అమీబా ఒంట్లో గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది, అందుకే స్లైడులో కుంకుమ చుక్కల్లా కనపడుతుంది. చిక్కేమిటంటే, పేగు జిగురును మింగిన మ్యాక్రోఫేజ్‌లు కూడా పి.ఎ.ఎస్. రంగును పట్టుకుంటాయి. గులాబీ రంగు చూసి ‘దొరికింది’ అనేస్తే అక్కడే బోల్తా. అమీబా కేంద్రకం చిన్నది, గుండ్రనిది, నడిమధ్య ఒక చుక్క. పొట్టలో మింగిన ఎర్ర రక్తకణాలుంటే ఇక సందేహం అక్కర్లేదు. అప్పటికీ తేలకపోతే సి.డి.68 అనే యాంటీబాడీ స్టెయిన్ ఉంది, అది మ్యాక్రోఫేజ్‌కు పడుతుంది, అమీబాకు పడదు.

జెడ్.ఎన్. ఎందుకు రాశారంటే, ఒంట్లో కొవ్వు మైనం ఉండే క్షయ బ్యాక్టీరియా కోసం. పేగు క్షయలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి, అసలున్నా స్లైడులో కనపడకపోవడమే ఎక్కువ.

‘నెగెటివ్’ అంటే లేదని కాదు

దీనికి చిన్న లెక్క చాలు. 2 మిల్లీమీటర్ల మందం ముక్కను 4 మైక్రాన్ల చొప్పున తరిగితే 500 పొరలు వస్తాయి. మామూలుగా చూసేది వాటిలో కొన్నే. 20 మైక్రాన్ల అమీబా ఒకటుంటే అది ఓ అయిదు పొరల్లో ఉంటుంది. 3 మైక్రాన్ల లీష్మేనియా అయితే ఒకటి, మహా అయితే రెండు. మనం చూసిన పొరలో లేకపోతే, ఎంత మంచి స్టెయిన్ వేసినా లేనట్టే. పైగా అమీబాలు పుండు మీది చీము పొరలోనే ఎక్కువ. శుభ్రంగా ఉండాలని ఎవరైనా ఆ జిగురు కడిగేసి ముక్క పంపితే, సాక్షిని పంపించేసి విచారణ పెట్టినట్టు.

తప్పుడు ‘పాజిటివ్’లూ ఉన్నాయి. వెండి స్టెయిన్ కాస్త ఎక్కువసేపు ఉంచితే సాగే నారలు కూడా నల్లబడతాయి. సరైన ఫార్మలిన్ వాడకపోతే రక్తం ఉన్నచోట గోధుమ-నలుపు రేణువులు పుడతాయి. మలేరియా వదిలే రేణువులు కూడా అచ్చం అలాగే ఉంటాయి. అందుకే ప్రతి విడతలో, ఫలానా జీవి ఉందని ముందే తెలిసిన ఒక స్లైడును కూడా పక్కన పెట్టి రంగేస్తారు. దాన్ని కంట్రోల్ అంటారు. కంట్రోల్‌కు రంగు పట్టకపోతే రోగి స్లైడులో ‘లేదు’ అన్న మాటకు విలువ లేదు.

పేర్ల గోల ఒకటి. ట్రైక్రోమ్ అని రాస్తే రెండున్నాయి. మలంలో పరాన్నజీవులకు వాడేది ఒకటి, కణజాలంలో మచ్చకట్టిన నారలను చూపేది ఇంకోటి. పేరు సగం రాసిన ఫారం వల్ల ఒకదాని బదులు ఇంకోటి వేసిన సందర్భం నా చేతులమీదుగానే జరిగింది. ఆ రోజు తిన్న చీవాట్లు ఇంకా గుర్తున్నాయి.

అన్నీ ముందే వేయాలా, ఒక్కొక్కటిగానా?

ఈ పనిలో ఉన్నవాళ్ళే ఒక మాట మీద లేని విషయం ఇది. ఒక వర్గం అంటుంది: అనుమానం ఉన్న చోట మూడు నాలుగు స్టెయిన్లు మొదటి రోజే వేసేయండి. కుప్పం నుంచో పలమనేరు నుంచో వచ్చిన రోగిని మళ్ళీ బస్సెక్కించకండి. పైగా బ్లాక్‌ను మళ్ళీ యంత్రానికి బిగించిన ప్రతిసారీ, కొత్తగా సమం చేయడానికి కొన్ని పొరలు వృథాగా పోతాయి. బియ్యపు గింజంత ముక్కలో అదే నష్టం.

ఇంకో వర్గం మాట కూడా తీసేయదగింది కాదు. ప్రశ్న లేకుండా వేసిన రంగు జవాబు చెప్పదు, గందరగోళం పెంచుతుంది. ఖర్చు రోగిది, చాకిరీ టెక్నీషియన్‌ది. హెచ్ అండ్ ఈని అరగంట కూర్చుని చూడాల్సిన చోట, రంగుల మీద భారం వేసి త్వరగా వదిలేసే అలవాటు వస్తుంది.

నాకు నచ్చేది నడిమి దారి. మొదటిసారి తరిగేటప్పుడే నాలుగైదు పొరలు రంగు వేయకుండా స్లైడుల మీద దాచిపెట్టడం. హెచ్ అండ్ ఈ చూశాక ఏది కావాలంటే అది వాటి మీద వేయొచ్చు, బ్లాక్ ముట్టుకోనక్కర్లేదు. ఖర్చు నాలుగు గాజు ముక్కలు.

జీవి డి.ఎన్.ఎ.ని వెతికే పి.సి.ఆర్. పరీక్ష వచ్చాక ఈ రంగులెందుకని అడిగేవాళ్ళున్నారు. టాక్సోప్లాస్మా లాంటి పరాన్నజీవులకు యాంటీబాడీ స్టెయిన్లు, పి.సి.ఆర్. నిజంగానే మేలు. జీవి జాతి పేరు కూడా చెప్పగలవు. కానీ ఫార్మలిన్ డి.ఎన్.ఎ.ని ముక్కలు చేస్తుంది, పాత బ్లాకుల్లో పరీక్ష విఫలం కావచ్చు. అన్నిటికీ మించి, ఫలానా జీవి డి.ఎన్.ఎ. ఉందని అది చెబుతుందే గానీ, పుండు అంచున కణాలను తింటూ ఉందా, ఊరికే పేగులో పోతూ ఉందా అనేది చూపదు. ఏ పి.సి.ఆర్. చేయాలో నిర్ణయించడానికి కూడా ముందు ఎవరో ఒకరు గులాబీ-నీలం స్లైడు చూడాల్సిందే.

రెండో రిపోర్టు నాలుగు రోజులకు వచ్చింది. జెడ్.ఎన్. నెగెటివ్. పి.ఎ.ఎస్.లో, పుండు మీది చీము పొరలో, రక్తకణాలు మింగిన అమీబాలు. మొదట మెట్రోనిడజోల్ రాశారు, తర్వాత పేగులో మిగిలినవాటికి ఇంకో మందు. తెలిసినవాళ్ళే కాబట్టి ల్యాబులో అడిగి తమ్ముడికి ఆ స్లైడు చూపించాను. ఒంటికన్ను మూసి, గొట్టంలోకి చాలాసేపు చూశాడు.

“ఇంత ఎర్రగా ఉంది, కడుపులో ఉన్నప్పుడూ ఇదే రంగా అన్నా?”